పడమటి గోడలో ఒక్క సందు

మొన్నీమధ్య మాలూరు బజారులో పచారీ కొట్టు ముందు నిలబడి ఉండగా కొట్టాయన కరక్కాయల గోనె మూతి విప్పాడు. పక్కనే నల్లబెల్లం దిమ్మలు. ఆ వగరు, ఈ తీపి కలిసి ముక్కుకు తగిలేసరికి ఎందుకు వచ్చానో మరిచిపోయి కాసేపు అలాగే నిలబడిపోయాను. నిజానికి నేను వచ్చింది వాటికోసమే. కిలో కరక్కాయలు తూచమంటే కొట్టాయన నన్ను ఎగాదిగా చూశాడు. "కిలోనా! ఇంట్లో అందరికీ దగ్గా ఏమ్మా?" అన్నాడు. "దగ్గుకి కాదప్పా, గోడకి" అన్నాను. ఇంకేమీ అడగకుండా తూచి, పొట్లం నా చేతిలో పెట్టి, వెనకున్నామెకు పప్పు కట్టడంలో పడిపోయాడు. వివరంగా చెప్పాలంటే ఆయన కొట్టు మూసుకోవలసి వచ్చేది. అందుకే ఇక్కడ చెబుతున్నాను.

కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు పోసి సున్నం నూరితే గోడ ఎలా నిలుస్తుందో నేను చదివిన ఇంజినీరింగు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. చెప్పినాయన ఆవని నుంచి వచ్చిన రాతిమేస్త్రి మునివెంకటప్ప. పొట్టి మనిషి. తలకు ఎప్పుడూ తెల్లటి తువ్వాలు. కుడి చెవి మీద బీడీకి బదులు పెన్సిలు ముక్క. నేను చూసేనాటికే అరవై దాటి ఉంటాయి. నా కింద పనిచేయడానికి వచ్చాడని కాగితాల్లో ఉంది. కాగితాలకేం, అవి ఏమైనా చెబుతాయి.

కోలారు బంగారు గనుల్లో కోరమండల్ పేట దాటి మిట్ట ఎక్కితే, బంగారం తీశాక మిగిలిన మట్టి పోసిన సైనైడ్ దిబ్బల వైపు ముఖం పెట్టి ఒక రాతి బంగళా కనిపిస్తుంది. గని నడిచే రోజుల్లో దొర ఒకాయన కోసం కట్టినది. ముందు పొడవాటి వసారా, దానికి ఐదు రాతి కమానులు. గోడలు రెండడుగుల మందం. బయట చెక్కిన రాళ్ళ వరస, లోపల ఇంకో వరస, మధ్యలో చిన్న రాళ్ళూ సున్నమూ. పైకప్పు కింద వేడిగాలి పోవడానికి గవాక్షాలు. హాల్లో చలిమంట వేసుకునే గూడు కూడా ఉంది. మా కోలారు చలికి దొరలకు మంట కావలసి వచ్చిందంటే నాకు ఇప్పటికీ నవ్వు వస్తుంది. గని మూతపడ్డాక దొరలూ పోయారు, ఆఫీసర్లూ పోయారు, ఇల్లు మాత్రం మిగిలింది. దాన్ని రక్షిత కట్టడమని ప్రకటించి నీలం బోర్డు పాతారు. బోర్డు పాతాక కూడా చాలా ఏళ్ళు ఎవరూ రక్షించలేదు. కప్పు పెంకులు జారి, పడమటి గోడలోకి నీళ్ళు దిగి, ఆ వైపు కమాను పక్కన చెయ్యి పట్టేంత బీట పడ్డాక మరమ్మతు మంజూరైంది. గుత్తేదారు దగ్గర కొత్తగా చేరిన నన్ను అక్కడికి పంపారు.

అప్పట్లో నేను ఇటుకలు తప్ప ఎరగను. మా నాన్న మాలూరులో ఇటుకల బట్టీలో లెక్కలు రాసేవాడు. మా ఇంట్లో రాయి అంటే కాలికి తగిలేది, అంతే. పొద్దున్నే మాలూరులో రైలెక్కి, బంగారుపేటలో ఇంకో రైలు పట్టుకుని, దిగి నడుచుకుంటూ మిట్ట ఎక్కేదాన్ని. చంకలో డ్రాయింగులు, నెత్తిన ప్లాస్టిక్ టోపీ, ముఖం మీద అంతా నాకు తెలుసన్న ధీమా. మునివెంకటప్ప మొదటి రోజు వచ్చి పనిముట్ల సంచి కూడా విప్పలేదు. చిన్న సుత్తి ఒకటి పట్టుకుని ఇంటి చుట్టూ తిరుగుతూ ఒక్కో రాయినీ తట్టి, చెవి ఒగ్గి వింటున్నాడు. పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా అదే పని. నాకు ఒళ్ళు మండింది.

"మేస్త్రీ, పని ఎప్పుడు మొదలు పెడతారు?" అన్నాను.

"మొదలు పెట్టి నాలుగు గంటలాయ కదమ్మా" అన్నాడు. తలైనా తిప్పలేదు. తరువాత నా చేతికి సుత్తి ఇచ్చి, "ఇది కొట్టు. ఇంగ ఇది కొట్టు" అని రెండు రాళ్ళు చూపించాడు. ఒకటి ఖంగుమంది. రెండోది డొల్లగా బొదబొదమంది. "తెలిసిందా? మొదటిది నిద్రపోతా ఉండాది. రెండోదాని ఎనకాల సున్నం కొట్టుకపోయింది, సుమ్నే, ఊరికే నిలబడుకోని ఉండాది. దాన్ని కదిలిస్తే పైనున్న పదీ కిందికి వస్తాయి. నీ కాగితంలో ఇది యాడుంది చూపించు" అన్నాడు. నా కాగితంలో అది ఎక్కడా లేదు. ఆ రోజు సాయంత్రం రైల్లో కూర్చుని నా డ్రాయింగు మీద పెన్సిలుతో మొదటిసారి ఒక గుర్తు పెట్టుకున్నాను. బొదబొదమన్న రాయికి సున్నా.

అలా నెల తిరిగేసరికి డ్రాయింగు నిండా సున్నాలే. ఆయన దగ్గర చదువంటే ఇదే. ఏదీ ముందుగా చెప్పడు. అడిగితే చేతిలో ఏదో ఒకటి పెడతాడు. గోడలో రాయిని ఎటు తిప్పి పెట్టాలని అడిగితే రాయే పెట్టాడు. తడిపి, దాని మీద కనీకనిపించని చారలు చూపించాడు. "కొండలో ఎట్ల పండుకోని ఉండెనో గోడలోనూ అట్లే పండుకోబెట్టల్ల. నిలబెడితే దానికి నిద్ర పట్టదు" అన్నాడు. ఆ చారలు కనబడటానికి నాకు పదిహేను రోజులు పట్టింది. కనబడిన రోజు సంతోషంతో కేక పెట్టాను. ఆయన "ఊ" అన్నాడు. ఆయన మెచ్చుకోలు అంతే. పని బాగుంటే "ఊ". బాగాలేకపోతే ఏమీ అనడు, మళ్ళీ చేస్తాడు.

ఇంటి సంగతి ఆయనకు ఇంత ఎలా తెలుసో ఒకరోజు భోజనాల వేళ బయటపడింది. బయట ఎండ మాడ్చేస్తున్నా ఆయన ఎప్పుడూ కాంపౌండు గోడ పక్కనే కూర్చుని ముద్ద తినేవాడు. వసారాలో చల్లగా ఉంది, వచ్చి కూర్చోండి అంటే, "పని అయిపోనీమ్మా" అనేవాడు. ఆ రోజు నేను పట్టు వదల్లేదు. అప్పుడు చెప్పాడు. "ఈ రాళ్ళు మా తాత చెక్కినాడు. ఆ కమానులు నిలబెట్టింది ఆయనే. ఇల్లు అయిపోయినాక దొర లోపలికి పోయినాడు, మా తాత గేటు బయటికి వచ్చినాడు. ఆ వసారాలో ఒక్క దినం కూసోలేదంట. నేను పని చేయకుండా యాడ కూసుంటాను?" ఆ మాటలో కోపం లేదు. నేనే నా డబ్బా తెచ్చుకుని ఆయన పక్కన ఎండలో కూర్చున్నాను.

సున్నం గురించి కూడా ఆ మధ్యాహ్నమే చెప్పాడు. "గని నడిచేటప్పుడు భూమి అడుగున రాయి పేలితే ఈ ఇల్లు ఊగుతుండె. గిన్నెలు కింద పడేవంట. గోడ మాత్రం పడలేదు. ఎందుకంటావు? సున్నం మెత్తన. కదిలిస్తే కొంచెం కదిలి మళ్ళీ సర్దుకుంటాది. వాన నీళ్ళు తాగుతాది, ఎండొస్తే బయటికి ఇడుస్తాది. సిమెంటుకు ఆ ఓర్పు యాడిది?" నేను సిమెంటు మీద మార్కులు తెచ్చుకున్నదాన్ని. నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఇంతలో అసలు చిక్కు వచ్చింది. మరమ్మతు మంజూరు చేసిన శాఖ పై ఆఫీసరు ఒకరోజు వచ్చి పడమటి గోడ చూసి పెదవి విరిచాడు. వానలు దిగేలోగా ఈ గోడ గట్టిపడకపోతే వసారా మొత్తం విప్పేసి, కమానుల చోట కాంక్రీటు స్తంభాలు వేసి, పైన రాతి పలకలు అతికిస్తామన్నాడు. ఆ డ్రాయింగు కూడా సిద్ధం చేయించుకునే వచ్చాడు. చూసేవాళ్ళకు తేడా తెలియదట. మునివెంకటప్ప ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నాకు ఇచ్చేశాడు. "వానలకు నెలన్నర ఉండాది. అవుతాది" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన భోజనం కూడా నిలబడే చేసేవాడు.

సగం గోడ అయ్యాక ఆవని నుంచి కబురు వచ్చింది. ఆయన భార్య గడప దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. వారం రోజుల్లో వస్తానని వెళ్ళాడు. వెళ్ళేముందు నానబెట్టిన సున్నం మీద నీళ్ళు ఆరకుండా చూడమని రెండుసార్లు చెప్పాడు. ఆయన వెళ్ళిన మూడో రోజే ఆకాశం నల్లబడింది. గాలివాన ఒకటి వచ్చి పోయింది. ఆ సాయంత్రమే మా గుత్తేదారు ఫోను. "ఆరు రోజుల్లో తనిఖీ. గోడ బయటి ముఖం పూర్తయి కనిపించాలి. లేదంటే వసారా విప్పడమే. నీ ఉద్యోగం సంగతి నువ్వే ఆలోచించుకో." సున్నం ఆరడానికి ఆరు రోజులు చాలవు. సిమెంటు ఒక్క రాత్రి చాలు. రాళ్ళ మధ్య మిగిలిన సందులన్నీ సిమెంటుతో పూయించాను. అంతటితో ఆగలేదు. పాత సున్నంలా కనబడటానికి అందులో కాస్త తెల్లసున్నమూ ఇటుకపొడీ కలిపించి, గుడ్డతో రుద్దించాను. పని చాలా నీటుగా వచ్చింది. నేనే రెండడుగులు వెనక్కి వెళ్ళి చూసుకుని మురిశాను కూడా. ఇల్లు కాపాడాననే అనుకున్నాను.

మునివెంకటప్ప చెప్పిన రోజుకే తిరిగి వచ్చాడు. సంచి దించి, గోడ దగ్గరికి వెళ్ళి, సుత్తి తీసి తట్టాడు. ఒకసారి తట్టి ఆగాడు. గోరుతో సందు గీరి చూశాడు. నేను వెనక నిలబడి ఉన్నాను.

"ఎవరు చేసినారమ్మా?"

"నేనే చేయించాను మేస్త్రీ."

"భయపడినావా?"

"అవును" అన్నాను. అబద్ధం చెప్పడానికి నాలుగు రోజులుగా కూడబెట్టుకున్న కారణాలన్నీ ఆ ఒక్క ప్రశ్నకు ఎటు పోయాయో తెలియదు.

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. తువ్వాలు బిగించి, ఉలి తీసుకుని, కింది వరస నుంచి గీకడం మొదలుపెట్టాడు. గట్టిపడిన సిమెంటు చిటికెడు చిటికెడుగా రాలుతోంది. చేయి చాచినంత మేర గీకేసరికి గంట పట్టింది. నేను కాసేపు చూసి, ఇంకో ఉలి తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను. "రాయికి తగలకుండా" అన్నాడు, అంతే. సాయంత్రానికి నా అరచేతులు పొంగి బొబ్బలెక్కాయి. మర్నాడు గుడ్డ చుట్టుకుని వచ్చాను. మూడో రోజు మా గుత్తేదారును వెంటబెట్టుకుని తనిఖీకి ఆఫీసరు దిగేసరికి ఆయనకు కనిపించింది పూర్తయిన గోడ కాదు. సందులన్నీ నోళ్ళు తెరిచిన గోడ, దాని కింద సిమెంటు పొడిలో కూర్చున్న సైటు ఇంజినీరు.

నేను లేచి జరిగిందంతా చెప్పాను. దాచడానికి ఇటుకపొడి కలిపిన సంగతి కూడా. మా గుత్తేదారు ముఖం చూడటానికి ధైర్యం చాలక ఆఫీసరు బూట్ల వైపు చూస్తూ చెప్పాను. ఆఫీసరు ముఖం ఎర్రబడింది. అయితే వసారా విప్పడమే మేలు, రేపే మనుషులను పంపుతానన్నాడు. అప్పుడు మునివెంకటప్ప చెంబుతో నీళ్ళు తెచ్చాడు. తాను సున్నంతో పూసిన వైపు సగం చెంబు పోశాడు. సందులు నీళ్ళు పీల్చి నల్లబడ్డాయి. నేను పూయించిన సిమెంటు ఇంకా మిగిలిన చోట తక్కిన సగం పోశాడు. నీళ్ళు సందు మీద నుంచి జారి కింద రాయిలోకి దిగాయి.

"సారూ, అర్ధగంట ఉండండి" అన్నాడు.

ఆఫీసరు ఏమనుకున్నాడో, ఉన్నాడు. వసారాలో కుర్చీ వేయించుకుని ఫోన్లు మాట్లాడుకున్నాడు. అరగంటకు సున్నపు సందులు ఎండకు తెల్లబడ్డాయి. సిమెంటు వైపు రాయి ఇంకా తడిగానే ఉంది. "ఆ నీళ్ళకు దారి లేదు సారూ. లోపలే ఉండిపోతాది. ఇట్ల పదేండ్లు పోతే రాయే పెచ్చులు లేస్తాది" అని మునివెంకటప్ప చెప్పాడు. తరువాత ఇంకో మాట అన్నాడు. "ఈ అమ్మ తప్పు చేసింది, తానే గీకతా ఉండాది. మాకు వాన దాకా గడువు ఇవ్వండి." నా తప్పును ఆయన అలా, దాని పక్కనే నన్నూ నిలబెట్టి చెప్పాడు. ఆఫీసరు సున్నం వైపూ సిమెంటు వైపూ చెయ్యి పెట్టి చూశాడు. వానాకాలం మొదలయ్యేదాకా సరేనన్నాడు. గుత్తేదారు నన్ను ఆ రోజే పీకేస్తాడనుకున్నాను. ఆఫీసరు ఉండమన్నాడు కాబట్టి అతనూ ఉండనిచ్చాడు.

ఎలా చేశామో ఇప్పుడు తలుచుకుంటే నాకే నమ్మకం కలగదు. గానుగలో సున్నం తిరుగుతూనే ఉండేది. కరక్కాయ నీళ్ళ వగరు నా జడకు, చున్నీకి పట్టి రైల్లో పక్కన కూర్చున్నవాళ్ళు ముక్కు ఎగబీల్చేవారు. పూసిన ప్రతి సందుకూ గోనెపట్టా కట్టి రోజుకు మూడుసార్లు తడిపేవాళ్ళం. "చంటిబిడ్డకు పాలు తాపినట్ల తాపల్ల. ఏడు దినాలు ఇడిచిపెట్టకూడదు" అనేవాడు. చివరి వరస పట్టాలు విప్పిన మూడో రోజు వాన దిగింది. గోడ తాగింది, నిలిచింది. కమానులు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆ వానలోనే ఆయన కాళ్ళు కడుక్కుని వసారా ఎక్కాడు. గోడకు ఆనుకుని కూర్చుని, డబ్బా మూత తీసి, రాగిముద్ద, ఉలవచారు తిన్నాడు. నేను ఎదురుగా కూర్చున్నాను. తిన్నాక చెయ్యి వాన నీళ్ళ కింద పెట్టి కడుక్కుని నన్ను పిలిచాడు. పడమటి గోడ చివర, మోకాలెత్తున, ఒకే ఒక్క సందు చూపించాడు. జానెడు పొడవు. అందులో నా సిమెంటు అలాగే ఉంది.

"ఇది మరిచిపోయారు" అన్నాను, ఉలి కోసం చూస్తూ.

"మరిచిపోలేదు. ఇడిచిపెట్టినాను. ఏటా వానలైనాక వచ్చి చూసిపో. నేను చెప్పినానని నమ్మొద్దు. నువ్వే చూడు. నేను చెప్పింది నిజమని తెలిసిన దినం నువ్వే తీసేయి."

అందుకే ఏటా వెళ్ళాను. మొదట్లో ఆయనా ఆవని నుంచి బస్సులో వచ్చేవాడు. ఇద్దరం ఆ సందు ముందు గొంతుక్కూర్చుని చూసి, వసారాలో కూర్చుని తెచ్చుకున్నది తిని, ఎవరి బస్సు వాళ్ళం ఎక్కేవాళ్ళం. మొదటి మూడేళ్ళూ సిమెంటుకు ఏమీ కాలేదు. నేను వేళాకోళం చేసేదాన్ని. "నా సిమెంటే గెలిచేట్టుంది మేస్త్రీ." "ఉండనీలే, దానికీ వయసు రానీ" అనేవాడు. ఈలోగా నేను గుత్తేదారు దగ్గర మానేసి పాత ఇళ్ళ మరమ్మతులే పనిగా పెట్టుకున్నాను. ఏ గోడ దగ్గరికి వెళ్ళినా ముందు సగం రోజు తట్టి వింటాను. నా కింద పనిచేసే కుర్ర ఇంజినీర్లకు ఒళ్ళు మండుతుందని నాకు తెలుసు.

తరువాత ఒక ఏడు ఆయన రాలేదు. మోకాళ్ళ నొప్పులన్నాడు ఫోనులో. మరుసటి ఏడు ఫోను ఎత్తలేదు. నాకూ తీరిక లేదు, అంటే తీరిక చేసుకోలేదు. మళ్ళీ వానలయ్యాక ఆవని వెళ్ళాను. ఆయన పోయి అప్పటికి ఎనిమిది నెలలు. ఆయన భార్య కుంటుతూ వచ్చి చాప వేసింది. "గోడ ఎట్లుండాదో ఆ అమ్మను అడుగు అని చెప్తా ఉండె. నీ నంబరు మాకెవరికీ తెలీలేదమ్మా" అంది. గంటన్నర దారి. ఒక్క ఆదివారం చాలు. వెళ్ళి గోడ బాగుందని చెప్పి ఉంటే ఏం పోయేది?

ఈ ఏడు వానలయ్యాక వెళ్ళి చూస్తే సిమెంటు పక్కన రాయి అంచు పెచ్చు లేచి ఉంది. వేలు పెడితే పలక ఊడి అరచేతిలో పడింది. లోపలంతా చెమ్మ. చుట్టూ సున్నం పూసిన రాళ్ళన్నీ పొడిగా, నిమ్మళంగా ఉన్నాయి. ఆయన చెప్పింది అక్షరాలా అదే. నాకు సంతోషం కలగలేదు. ఆ సందు ఉన్నంతకాలం ఆయన నాకు పెట్టిన పరీక్ష ఇంకా ముగియలేదనీ, ఏటా ఇద్దరం చూడవలసింది ఒకటుందనీ అనిపించేది. తీసేస్తే ఏం మిగులుతుంది? ఇంకో ఏడు ఆగుదామా అని నిజంగానే అనుకున్నాను. కానీ ఇంకో ఏడు ఆగితే నా బెంగకోసం ఆయన తాత చెక్కిన రాయి ఇంకాస్త పోతుంది.

రక్షిత కట్టడంలో మేకు కొట్టాలన్నా కాగితం కావాలి. జానెడు సందు కోసం అర్జీ పెడితే ఆఫీసులో నవ్వారు, అయినా ఇచ్చారు. కరక్కాయలు నానబెట్టాను. సిమెంటు నేనే గీకాను, రాయికి తగలకుండా. సున్నం కూరి, గోనెపట్టా కట్టాను. ఏడు రోజులు మిగతా పనులు ఆపుకుని ఇక్కడే కోరమండల్‌లో ఒక గది తీసుకుని రోజుకు మూడుసార్లు మిట్ట ఎక్కి తడిపి వచ్చాను. మధ్యాహ్నం వసారాలో కూర్చుని డబ్బా విప్పేదాన్ని. ఎదురుగా ఆయనకు చోటు వదిలేదాన్ని.

ఈ పొద్దున పట్టా విప్పాను. సుత్తి తీసి రాయిని తట్టాను. ఖంగుమంది. అలవాటుగా వెనక్కి తిరిగి చూశాను. తరువాత ఇంకోసారి తట్టాను, అది కూడా ఖంగుమంది. "ఊ" అనేవాళ్ళు లేరు. పట్టా మడిచి సంచిలో పెట్టుకున్నాను.